శిశిరంలో వెళ్లవలసిన చోటికి వైశాఖంలో వెళ్లాం



పోయిన ఆదివారం మన సమావేశంలో వచ్చే చలికాలం యాత్ర సంగతి వచ్చింది. మంచు కొండల మీద స్కీయింగ్ నేర్పే చోటికి వెళ్దామని పిల్లలు అడిగారు. పెద్దవాళ్లు కొందరు నవ్వారు. "పొలసరలో పుట్టినవాళ్లకు స్కీయింగ్ ఏమిటర్రా, తప్తపాణి వెళ్లి వేన్నీళ్ల స్నానం చేసి రండి" అని ఒక బాబాయి గారు అన్నారు. మేము ఆ రోజు ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చి పాత డైరీలు దించి చూశాం. ఆ నవ్వుకు జవాబు చెప్పాలంటే కొంత చరిత్ర చెప్పుకోవాలి. ఎప్పటిలాగే పొడుగ్గా రాస్తున్నాం. ఓపిక చేసుకుని చదవండి.

ముందు మాట దగ్గర మొదలుపెడదాం. మీకు తెలుసు, మా బడి చదువంతా తమిళంలో సాగింది. నాన్నగారి ఉద్యోగం వల్ల జోలార్‌పేట రైల్వే క్వార్టర్సులో పెరిగాం. తెలుగు అమ్మ దగ్గర, చందమామ పుస్తకాల్లో నేర్చుకున్నదే. తమిళంలో మంచును 'పని' అంటారు. హిమాలయాలు ఏడాది పొడుగునా పనితో నిండి ఉంటాయని బడిలో చదువుకుని వచ్చి అమ్మకు చెప్పాం. "మీ నాన్నకున్న పని చాలదా, కొండలకు కూడానా" అంది అమ్మ. ఈ మాట మా ఇంట్లో చాలా ఏళ్లు తిరిగింది.

ఆ తమిళ 'పని' తెల్లవారుజామున గడ్డి మీద పడేదానికీ చెల్లుతుంది, హిమాలయాల మీద పడేదానికీ చెల్లుతుంది. మన తెలుగు 'మంచు' కూడా అంతే. ఇక్కడి ఒడియావారు గడ్డి మీది మంచును 'కాకర' అంటారు. మూడు భాషల మధ్య బతికినా, మనకు మంచు అంటే పొద్దెక్కితే ఆరిపోయేదే. మన గంజాం జిల్లా మనిషికి దగ్గరలో ఉన్న 'కాశ్మీరం' దారింగిబాడి. సముద్రమట్టానికి 900 మీటర్ల పైచిలుకు ఎత్తు. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో అక్కడ గడ్డి మీద తెల్లటి పొర కడుతుంది. రాత్రి నేల వేడి కోల్పోయి, ఉన్న తేమే గడ్డకట్టడం వల్ల వచ్చే పొర అది. ఆకాశం నుంచి రాలేది కాదు. సూర్యుడు వచ్చేసరికి ఉండదు.

నిజం మంచు మనకు ఎందుకు పడదు? వెయ్యి మీటర్లు ఎక్కితే వేడి సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. మన వైపు పేరుపొందిన పెద్ద కొండ మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. మనం ఉన్న అక్షాంశానికి ఆ ఎత్తు చాలదు. ఇంకో కారణం ఉంది. మన వాన తూర్పున బంగాళాఖాతం నుంచి వస్తుంది, అదీ ఎక్కువగా జూన్ నుంచి అక్టోబరు లోపల. కాశ్మీరు, హిమాచల్ కొండల మీద చలికాలంలో పడే మంచు పడమటి నుంచి వస్తుంది. మధ్యధరా సముద్రం వైపు పుట్టి ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్ దాటి వచ్చే ఆ గాలి అలజడులను వాతావరణ శాఖవారు వెస్టర్న్ డిస్టర్బెన్స్ అంటారు. అవి డిసెంబరు నుంచి మార్చి దాకా ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. మాఘ ఫాల్గుణాలు, అంటే మన శిశిర ఋతువు, వాటికి మంచి కాలం. తమిళ పంచాంగం మార్గళి, తై నెలలను 'మున్‌పని' అనీ, మాసి, పంగుణి నెలలను 'పిన్‌పని' అనీ అంటుంది. ముందు మంచు, వెనక మంచు అన్నమాట. మంచు ఏ నెలల్లో ఉంటుందో పంచాంగం చదివిన ఏ అవ్వకైనా తెలుసు.

మరి మనవాళ్లు కొండలకు ఎప్పుడు వెళతారు? మే నెలలో. ఈ అలవాటు మనకు ఎక్కడిది?

1864 సంవత్సరం గుర్తు పెట్టుకోండి. ఆ ఏడాది గవర్నర్ జనరల్ జాన్ లారెన్స్ కాలంలో సిమ్లా బ్రిటిష్ ఇండియాకు వేసవి రాజధాని అయింది. ఎండలు ముదరగానే కలకత్తా నుంచి కాగితాలు, గుమాస్తాలు, జవాన్లు అంతా కొండెక్కేవారు. మద్రాసు ప్రభుత్వం ఇదే పద్ధతిలో ఊటీ ఎక్కేది. మన గంజాం 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది కదా. కనుక వేసవిలో మన జిల్లా ఫైలు కూడా ఊటీ ఎక్కి ఉంటుంది, మన జిల్లా రైతు మాత్రం ఎక్కలేదు. కొండ రైళ్లు కూడా ఈ వేసవి పరుగుకు ఉపయోగపడ్డాయి. డార్జిలింగుకు 1881లో, కాల్కా నుంచి సిమ్లాకు 1903లో బండి వచ్చింది. మేట్టుపాళయం నుంచి కూనూరుకు 1899లో, ఊటీకి 1908లో వచ్చింది. తర్వాత దొరలు పోయారు గాని మే నెల మిగిలింది. బడికి ఎండాకాలం సెలవులు, కోర్టుకు ఎండాకాలం సెలవులు. సెలవు ఉన్నప్పుడే యాత్ర.

అదే 1864లో ఆల్ప్స్ కొండల్లో దీనికి పూర్తిగా తిరగబడ్డ సంగతి ఒకటి జరిగిందని చెప్పుకుంటారు. స్విట్జర్లాండులో సెయింట్ మోరిట్జ్ అనే ఊరిలో యోహానెస్ బద్రుట్ అనే హోటల్ యజమాని ఉండేవాడు. అప్పటిదాకా ఆల్ప్స్ కూడా వేసవి విడిదే. చలి మొదలైతే అతిథులు పోయేవారు, హోటలు మూసేవారు. సీజను చివర వెళ్లిపోతున్న ఇంగ్లీషు అతిథులతో బద్రుట్ పందెం కట్టాడట. చలికాలంలో రండి, ఇక్కడ ఎండ కాస్తుంది, నచ్చకపోతే దారి ఖర్చులు నేనిస్తాను అన్నాడట. వాళ్లు వచ్చి వసంతం దాకా ఉన్నారని కథ. కథలో ఎంత నిజమో గాని ఆ ఊరు చలికాలపు ఊరయింది. నార్వే నుంచి వచ్చిన స్కీ చెక్కలు తర్వాత ఆల్ప్స్‌లో అడుగుపెట్టాయి. షెర్లాక్ హోమ్స్ కథలు రాసిన కానన్ డాయిల్ 1894లో దావోస్ నుంచి అరోజాకు ఆ చెక్కల మీద కనుమ దాటాడు. 1924లో ఫ్రాన్సులో షామొనీలో మొదటి శీతాకాల ఒలింపిక్స్ జరిగాయి. కొండ దిగే స్కీయింగ్ పోటీలు ఒలింపిక్స్‌లో చేరింది 1936 ఫిబ్రవరిలో, జర్మనీలో. ఇక్కడ ఒరిస్సా రాష్ట్రం పుట్టడానికి రెండు నెలల ముందు.

ఒకటి గమనించండి. నార్వేలో స్కీ మొదట ఆట కాదు. మంచు కప్పేసిన పల్లెలో వేటకు, కట్టెలకు, పక్క ఊరికి వెళ్లడానికి కాళ్లకు కట్టుకునే చెక్క. అంటే మన పడవలాంటిది, ఎడ్లబండి లాంటిది. గొప్పవాళ్ల వినోదం అయింది ఆ తర్వాత. కాబట్టి 'మనకెందుకు' అనేవారు ఈ సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి.

మన దేశానికి స్కీయింగ్‌ను తెచ్చినవారు ఇంగ్లీషు సైనికాధికారులు. కాశ్మీరులో గుల్‌మార్గ్‌లో 1927లో స్కీ క్లబ్ ఆఫ్ ఇండియా పెట్టుకున్నారు. స్వాతంత్ర్యం తర్వాత వాళ్లు వెళ్లిపోయారు. 1960ల చివర్లో భారత ప్రభుత్వం అక్కడే స్కీయింగ్, పర్వతారోహణ నేర్పే జాతీయ సంస్థను పెట్టింది. కొండ మీదికి తీగల మీద నడిచే గొండోలా మొదటి దశ 1998లో, రెండో దశ 2005లో వచ్చాయి. ఊరు సుమారు 2,650 మీటర్ల ఎత్తులో ఉంటే, గొండోలా రెండో దశ అఫర్వత్ కొండ మీద 3,900 మీటర్లు దాటిన చోట దింపుతుంది. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌కు భారతదేశం నుంచి వెళ్లింది ఒకే ఒక్క ఆటగాడు, ఆరిఫ్ ఖాన్. గుల్‌మార్గ్ కింద తంగ్‌మార్గ్ వైపు కుర్రాడు. వాళ్ల నాన్న స్కీ సామాన్ల దుకాణం నడిపేవాడు. దొరల ఆట దుకాణదారు కొడుకు చేతికి రావడానికి దాదాపు వందేళ్లు పట్టింది.

ఇప్పుడు మా సొంత కథ. ఉద్యోగంలో మా బల్ల మీద సెలవు రిజిస్టరు ఉండేది. చాలా ఏళ్లు ఆ పని చేశాం. మే నెల వచ్చిందంటే దరఖాస్తులు కట్టలు కట్టలు. పెళ్లి, గృహప్రవేశం, తిరుపతి, పిల్లల సెలవులు. సగం మందికి 'మంజూరు కాలేదు' అని రాయాల్సి వచ్చేది. అదే జనవరి చివర, ఫిబ్రవరి పేజీలు ఖాళీగా ఉండేవి. అడిగినవాడికి అడిగినన్ని రోజులు. ఇన్నేళ్లు ఆ పేజీలు తిప్పిన మేము కూడా, మా సొంత యాత్రకు దరఖాస్తు పెట్టుకుంది మే నెలకే. 1994లో.

పాప అప్పుడు నాలుగో తరగతి. మంచు చూపిస్తామని మాట ఇచ్చాం. పాసు రాయించుకున్నాం. బరంపురం నుంచి ఖుర్దా రోడ్డు, అక్కడ బండి మారి ఢిల్లీ, ఢిల్లీ నుంచి కాల్కా, కాల్కా నుంచి చిన్న బండిలో సిమ్లా. మా ఆవిడ ఆరు నెలలు కూర్చుని నలుగురికీ స్వెట్టర్లు అల్లింది. సిమ్లాలో ఒకరు కుఫ్రీ వెళ్లమన్నారు. చలికాలంలో అక్కడ స్కీయింగ్ జరిగేదట. గుర్రాల మీద బురదలో పైకి వెళ్లాం. ఎండ మండుతోంది. మంచు లేదు, ఆకుపచ్చటి గడ్డి ఉంది. మూలన ఒక జడలబర్రె నిలబడి ఉంది. ఫోటోకు ఇంత అని అడిగారు. స్వెట్టరు వేసుకుని చెమటలు కారుతూ పాప ఆ జడలబర్రె మీద కూర్చుంది. ఫోటో ఇప్పటికీ ఉంది. దిగివచ్చే దారిలో వెక్కి వెక్కి ఏడ్చింది. "నాన్నా, మంచు ఎక్కడ దాచారు" అని అడిగింది. తప్పు ఎవరిదీ కాదు, మాది. సెలవు చూసుకున్నాం గాని ఋతువు చూసుకోలేదు.

రెండోసారి తప్పు సరిదిద్దుకుందామనుకున్నాం. 2013లో పది కుటుంబాలు కలిసి, మరుసటి ఫిబ్రవరికి మనాలి దగ్గర సోలాంగ్ వెళ్లాలని నెలనెలా డబ్బు కట్టాం. మీలో కొందరు అందులో ఉన్నారు. అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. తెల్లారేసరికి కొబ్బరిచెట్లు లేవు, కరెంటు స్తంభాలు లేవు, చాలా ఇళ్లకు పైకప్పు లేదు. ఆ వారంలోనే ఎవరి డబ్బు వారికి తిరిగి ఇచ్చేశాం. రేకులు, సిమెంటు కొనుక్కున్నారు. ఒక్కరు కూడా యాత్ర పోయిందని బాధపడలేదు, బాధపడే తీరికే లేదు. తూర్పు గాలి వచ్చి పడమటి మంచు యాత్రను ఎత్తుకుపోయింది.

ఇక రైలు సంగతి. రైల్వేవాడిని కనుక ఇది చెప్పకుండా ఉండలేం. కాశ్మీరు లోయకు రైలు వేయాలని మహారాజా ప్రతాప్ సింగ్ కాలం నుంచి అనుకున్నారు. జమ్మూకు 1972లో, ఉధంపూర్‌కు 2005లో బండి వచ్చింది. లోయ లోపలి లైను 2008లో మొదలైంది, కాని అది బయటి పట్టాలతో కలవని ఒంటరి లైను. 2013లో 11 కిలోమీటర్ల పైచిలుకు సొరంగంతో బనిహాల్ కలిసింది, 2014లో ఇటువైపు కత్రా దాకా వచ్చింది. మధ్య ముక్క అతికినది 2025 జూన్ 6న. చినాబ్ నది మీద 359 మీటర్ల ఎత్తున కట్టిన వంతెన ఆ ముక్కలోదే. ఆ వంతెన నిలిచే రాతికొండ వాలుల పనిలో 17 ఏళ్లు సలహాదారుగా ఉన్నవారు బెంగళూరు ఐఐఎస్‌సీ ప్రొఫెసర్ జి. మాధవీలత గారు. ప్రకాశం జిల్లా ఏడుగుండ్లపాడు ఆడపడుచు. మన తెలుగమ్మాయి లెక్క కట్టిన కొండ మీదుగా ఇప్పుడు శ్రీనగర్ వెళ్లవచ్చు. అక్కడినుంచి గుల్‌మార్గ్ సుమారు 50 కిలోమీటర్ల రోడ్డు. చినాబ్ దాటి శ్రీనగర్‌కు రైలు వెళ్లింది, మన పొలసరకు మాత్రం ఇంకా రాలేదు. బరంపురం దాకా మనకు బస్సే గతి. సరే, అది వేరే వ్యాసం.

ఆ రైలుకు నెలన్నర ముందు, ఏప్రిల్ 22న, పహల్గాంలో ఏం జరిగిందో మీకందరికీ తెలుసు. 26 మందిని చంపారు. అందులో మన ఒడిశావారు ఉన్నారు, ఆంధ్రవారు ఉన్నారు. సెలవుకు వెళ్లినవారే. దాన్ని దాటేసి "ఏం ఫరవాలేదు, పదండి" అని రాసే హక్కు మాకు లేదు. 1994లో జడలబర్రె మీద కూర్చుని ఏడ్చిన మా పాపకు ఇప్పుడు పన్నెండేళ్ల కూతురు. సమావేశంలో స్కీయింగ్ అని మొదట చెయ్యెత్తింది ఆ మనవరాలే. వాళ్లమ్మ ఆ రాత్రి ఫోను చేసి, "నాన్నా, మంచు లేకపోయినా ఫరవాలేదు, పిల్ల ఇంట్లో ఉంటే చాలు" అంది. మేము వాదించలేదు. ఆ మాటకు ఎదురు వాదం లేదు.

ఇంకొక సంగతి కూడా దాచకుండా చెప్పాలి. మనం నెల సరిచేసుకునే లోపల మంచే తప్పిపోతోంది. 2024 జనవరిలో గుల్‌మార్గ్ వాలులు మంచు లేక ఎండిపోయి కనిపించాయి. 2025 ఫిబ్రవరిలో అక్కడ జరగవలసిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలను మంచు చాలక మార్చికి వాయిదా వేశారు. ఉత్తరాఖండ్‌లో ఔలీ మంచి చోటే, కాని దాని కింద ఉన్న జోషీమఠ్ ఊరు 2023 జనవరిలో బీటలు వారింది, రోప్‌వే ఆగింది. మంచు ఎక్కువైనా ప్రమాదమే. అఫర్వత్ పైవాలుల్లో 2023 ఫిబ్రవరిలో మంచుచరియ కింద ఇద్దరు పోలండ్ వాళ్లు, 2024 ఫిబ్రవరిలో ఒక రష్యా మనిషి చనిపోయారు. వాళ్లు నేర్చినవాళ్లే.

ఇవన్నీ తూచి మేము చెప్పదలచుకున్నవి ఇవి.

ఒకటి. నెల ముందు తేల్చండి, ఊరు తర్వాత తేల్చుకుందాం. జనవరి చివరి నుంచి ఫిబ్రవరి చివరి లోపల అయితేనే యాత్ర. మే నెల అయితే ఊటీ వెళ్దాం, స్కీయింగ్ అనే మాట ఎత్తవద్దు. పిల్లల బడిలో వారం సెలవుకు ఇప్పుడే ఉత్తరం రాయాలి, పది, పన్నెండు తరగతుల పిల్లలను పరీక్షల వల్ల వదిలేయాలి.

రెండు. కాశ్మీరుకు మనసు ఒప్పనివారిని ఎవరూ ఒత్తిడి చేయవద్దు. సోలాంగ్ ఉంది. 2020లో తెరిచిన 9 కిలోమీటర్ల అటల్ సొరంగం దాటితే లాహౌల్ లోయలో ఇంకా మంచు దొరుకుతుంది. మా ఓటు ఈసారి సోలాంగ్‌కే. గుల్‌మార్గ్ ఎక్కడికీ పోదు, చినాబ్ వంతెనా పోదు.

మూడు. మూడు రోజులు చాలవు. మొదటి రోజంతా పడటం, లేవడం, ఆగడం నేర్చుకోవడానికే పోతుంది. నేర్పే మనిషి లేకుండా వాలు ఎక్కకూడదు. బూట్లు, స్కీలు అక్కడ అద్దెకు దొరుకుతాయి, ఇక్కడ కొనవద్దు. బీమా తీసుకోండి. వెనుదిరిగే టికెట్టుకు ఒక రోజు వెసులుబాటు ఉంచండి, మంచు పడితే రోడ్డు మూస్తారు.

నాలుగు. ఇది అన్నిటికంటే ముఖ్యం. సూరత్ మిల్లుల్లో ఉన్న మన కుర్రాళ్లకు నెల జీతం లేదు, పనిచేసిన రోజుకే డబ్బు. వాళ్ల పిల్లలు కూడా చెయ్యెత్తారు, మేము చూశాం. తండ్రులు రాలేకపోతే పిల్లలను మన కుటుంబాలతో పంచుకుని తీసుకెళ్లాలి. సంఘం నిధిలోంచి ఎంత ఇవ్వాలో కార్యవర్గం తేల్చాలి. సెలవు దొరికేవాడికే లోకం కనబడే పద్ధతి దొరలతో పోలేదు. మన సంఘంలోనైనా దాన్ని కొంచెం కదుపుదాం.

మోకాళ్లు బాగాలేని మా వయసువారికి ఒక మాట. మా ఆవిడకు నిరుడు మోకాలి ఆపరేషన్ అయింది. "మీరంతా పైన జారుతుంటే నేను కింద కుర్చీ వేసుకుని చూస్తాను" అంటోంది. పాత పెట్టె తీసి ఆ స్వెట్టర్లు ఎండలో వేసింది. నాలుగింటిలో చిన్నది మనవరాలికి సరిపోయింది. మా పాప వీడియోకాల్‌లో అది చూసి కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఫిబ్రవరిలో ఏ తారీఖు అంటున్నారు" అని అడిగింది. పంపుతానని చెప్పలేదు. తారీఖు అడిగింది, అంతే.

కనుక తారీఖు తేల్చాలి. దీపావళి లోపల పేర్లు, పిల్లల వయసులు కార్యదర్శి గారికి ఇవ్వండి. తప్తపాణి వెళ్దామన్న బాబాయి గారికి మా మనవి. తిరిగి వచ్చాక ఒళ్లు నొప్పులకు అందరం కలిసి తప్తపాణే వెళ్దాం.